జీవాలన్న మాట నాదే

1938 వేసంగిలో నన్ను మార్కాపురానికీ గిద్దలూరికీ మధ్య ఉన్న ఒక రేంజికి ఫారెస్టరుగా వేశారు. అప్పట్లో ఆ తాలూకాలు కర్నూలు జిల్లావి. రేంజి పేరు మాత్రం రాయను. రాస్తే అక్కడ పనిచేసిన పెద్దల మనుమలు నాకు ఉత్తరాలు రాస్తారు, వాళ్లకు జవాబు రాసే ఓపిక నాకు లేదు.

అటవీ శాఖలో అడవిని కాళ్లతో చూసేవాడు గార్డు. అతని ఇలాకాను బీటు అంటారు. కొన్ని బీట్లు కలిస్తే సెక్షను, దానికి ఫారెస్టరు. సెక్షన్ల మీద రేంజరు, రేంజర్ల మీద జిల్లా ఫారెస్టు ఆఫీసరు. ఆ పెద్ద కుర్చీలో ఆ రోజుల్లో ఎక్కువగా తెల్లదొరే ఉండేవాడు. పని పంపకం కూడా అలాగే ఉండేది. గార్డు పట్టుకుంటాడు, ఫారెస్టరు రాస్తాడు, రేంజరు సంతకం పెడతాడు, దొర కోప్పడతాడు.

నా పేరు వింటే నల్లమల అంచు పల్లెల్లో గొడ్డళ్లు వాటంతట అవే అటకెక్కేవని నా మనుమలకు చెప్పుకుంటూ వచ్చాను. అది పెంచిన మాట. నా చెప్పుల కిర్రు దూరానికే వినబడేది, అందుకని ఎక్కేవి. నేను దిగువకు పోగానే మళ్లీ దిగేవి.

మేము నడిపే అటవీ చట్టంలో పశువు అనే మాటకు ఒక నిర్వచనం ఉంది. ఏనుగు, ఒంటె, బర్రె, గుర్రం, గాడిద, పంది, గొర్రె, మేక, చివరికి మేకపిల్ల దాకా పేరుపేరునా రాశారు. మా తాలూకాలో ఒంటెను కళ్లారా చూసినవాడు లేడు. అయినా ఒంటె రిజర్వులో, అంటే సర్కారు కట్టుబాటు చేసిన అడవిలో, మేస్తే ఏం చేయాలో మాకు కంఠతా వచ్చు. రోజూ మేసేవాటితో ఏం చేయాలో మాత్రం ఎవరికీ సరిగ్గా తెలియదు. వాటిలో అసలు చిక్కు మేకతోనే.

రిజర్వులో కట్టెల కోసం అడవిని వంతులవారీగా ముక్కలు ముక్కలుగా నరికిస్తారు. ఆ ముక్కను కూపు అంటారు. నరికిన మొద్దు నుంచి మళ్లీ చిగురు వస్తుంది, ఆ చిగురే రేపటి అడవి. గొర్రె తల వంచి గడ్డి మేస్తుంది. మేక తల ఎత్తి చిగురు మేస్తుంది, అందకపోతే వెనక కాళ్ల మీద నిలబడి మరీ మేస్తుంది. అందుకని శాఖ పుల్లరి కట్టించుకుని గొడ్లనూ గొర్రెలనూ రానిచ్చేది, మేకను ఎంత ఇచ్చినా రానిచ్చేది కాదు. పుల్లరి అంటే మేపుకు కట్టే రుసుము. ఈ కారణం అబద్ధం కాదు. నేను చెప్పబోయే కథలో మేకల పక్షాన ఉన్నాను గనుక ఈ మాట ముందే చెప్పేస్తున్నాను.

ఆ ఏడు వానలు ఎగ్గొట్టాయి. చొప్ప అయిపోయింది. దిగువన దర్శి వైపు నుంచి కూడా మందలు కొండ కిందికి వచ్చేశాయి. అప్పుడు పై నుంచి ఇంగ్లీషులో ఒక ఉత్తర్వు వచ్చింది. వానలు పడేదాకా రిజర్వులో ఫలానా భాగాలను ఆవులు, ఎద్దులు, బర్రెలు, గొర్రెల మేపుకు పుల్లరి లేకుండా తెరవవలసిందని దాని సారాంశం. మేకల ఊసు ఎక్కడా లేదు. మేకకు ఎన్నడూ చోటు లేదు గనుక మళ్లీ చెప్పనక్కర లేదని రాసినవాళ్లు అనుకున్నారు.

అలాంటి ఉత్తర్వును ఊరికి చేర్చే పద్ధతి ఒకటుంది. ఫారెస్టరు దాన్ని తెలుగు చేస్తాడు. రేంజరు చదివి ఆమోదిస్తాడు. ఆ తెలుగును ఊరి మునసబు ఎదుట వెట్టివానికి వినిపించి, నోటికి వచ్చేదాకా చెప్పిస్తారు. వెట్టి అంటే ఊరి కొలువు చేసే మనిషి. ఆ కొలువుకు అతనికి కొంచెం ఇనాం భూమి ఉంటుంది. అతడు తప్పెట కొట్టి వీధి వీధినా చాటుతాడు. దండోరా పడిందంటే ఊరందరికీ తెలిసినట్టే లెక్క, ఆ తర్వాత తెలియదంటే చెల్లదు. దండోరా పడకపోతే గవర్నరు సంతకం ఉన్నా ఊళ్లో ఆ ఉత్తర్వు పుట్టనట్టే.

కొండకింద పల్లెలో ఆ కొలువు దానియేలుది. ఆ పేటలో చాలా ఇళ్లవాళ్లు అతని తండ్రి కాలంలోనే క్రైస్తవంలో కలిశారు. కలిసినప్పుడు పాదిరిగారు జాతరలకు తప్పెట కొట్టరాదని మాట తీసుకున్నాడట. సర్కారు దండోరాకు మాత్రం అడ్డు చెప్పలేదు. దాంతో దానియేలుకు తప్పెట ముట్టుకునే అవకాశం ఏడాదికి కొద్దిసార్లే దక్కేది. ఆ కొద్దిసార్లూ జాతర బాకీ అంతా తీర్చుకునేవాడు. అతను చాటితే మూడు పొలాల అవతల దుక్కి దున్నేవాడు కూడా ఎద్దులను ఆపేవాడు.

నేను రాసిన తెలుగును అతను ఇలా చాటాడు. “వినండహో! సర్కారు వారి ఉత్తరువు! ఈ పొద్దు మొదలు వానలు పడేదాకా రిజర్వు అడవిలోకి గొడ్లనూ జీవాలనూ తోలుకోవచ్చునహో! పుల్లరి లేదు. గొడ్డలి మాత్రం తీసకపోగూడదహో!”

ఇంగ్లీషులో ఉన్నది గొర్రెలు. నేను రాసింది జీవాలు. మా పడమటి సీమలో జీవాలంటే గొర్రెలూ మేకలూ రెండూ. మందను మంద అనరు, జీవాలంటారు. “జీవాలు ఇల్లు చేరినయ్యా?” అని అడుగుతారు. రేంజరుగారు కృష్ణా ఒడ్డు నుంచి వచ్చినవాడు. ఆయనకు ఆ మాట గొర్రెకు కొంచెం మర్యాదైన పేరులా తోచింది. చదివాడు, బాగుందన్నాడు, సంతకం పెట్టాడు.

ఆ మాటను నేను కావాలనే వేశానని, ఎండుతున్న మేకలను చూసి కడుపు తరుక్కుపోయి ఇంగ్లీషువాడి ఉత్తర్వులో కన్నం పెట్టానని, ఉద్యోగం మానిన కొత్తలో చాలామందికి చెప్పాను. ఒకరిద్దరు కంటతడి కూడా పెట్టారు. నిజం అంత గొప్పగా లేదు. మా ఊరు కంభం దగ్గర. మా ఇంట్లో నాలుగు గొర్రెలు ఉండేవి, మా అమ్మ వాటిని జీవాలనేది. మాకు మేకలు లేవు. గొర్రె అనగానే నా చేతికి ఆ మాట వచ్చింది, రాశాను. మేక నాకు గుర్తుకే రాలేదు.

మేకలకు మాత్రం దండోరా బాగా గుర్తుంది. మూడో నాడే గార్డు మస్తాను నన్ను వెంటబెట్టుకుని తెరిచిన భాగంలోని పాత కూపులోకి తీసుకుపోయాడు. చిగురు మనిషి నడుము ఎత్తు వచ్చింది. దాని మధ్య కొండకింద పల్లె పోలమ్మ మేకలు వెనక కాళ్ల మీద నిలబడి ఉన్నాయి, పెళ్లి పందిట్లో బంధువుల్లాగా. పోలమ్మ బండ మీద కూర్చుని తాడు పేనుతోంది. నడివయసు దాటిన మనిషి. ఆమెకు సెంటు భూమి లేదు, ఆ మేకలే ఆమె పొలం. ఆమె పారిపోలేదు, లేవను కూడా లేదు.

“ఏంది పెద్దమ్మా, మేకలు రిజర్వులో?” అన్నాను.

“ఏందా? తోలుకోమన్నది నువ్వే గదా అబ్బయ్యా.”

“నేనెప్పుడు చెప్పినాను?”

“దానియేలు చెప్పినాడు. దానియేలు నోరు సర్కారు నోరు. జీవాల్ని తోలుకోండన్నాడు. ఇవి జీవాలు గాకపోతే ఏంది, నీ కంటికి శవాల మాదిరి అగుపడతన్నయ్యా?”

మస్తాను దగ్గు వచ్చినట్టు పక్కకు తిరిగాడు. నేనూ నవ్వవలసినవాణ్ణే. కానీ నవ్వితే నేరం ఒప్పుకున్నట్టవుతుంది, అదీ నా నేరం. మేకలను జప్తు చేసి బందెలదొడ్డికి తోలించాను.

ఇక్కడ చట్టం నడిచే తీరు చెప్పాలి. చిన్న నేరాలను మేము కోర్టు దాకా పోనిచ్చేవాళ్లం కాదు. నేరం చేసినవాడు తప్పు ఒప్పుకుని కొంత రుసుము కడితే అక్కడికక్కడే వదిలేసేవాళ్లం. దాన్ని రాజీ అనేవాళ్లు. అడవి కేసుల్లో చాలామటుకు అలాగే తెగేవి. శాఖకు రాబడి, పేదవాడికి కోర్టు తిరుగుడు తప్పుతుంది. ఆ తప్పు నిజంగా తప్పేనా అని ఎవరూ అడగకుండానే ముగిసిపోయేది. రాజీకి రాకపోతే కేసు మేజిస్ట్రేటుకు పోతుంది, పశువులు దొడ్డిలోనే ఉంటాయి, గడువు దాటితే మేత ఖర్చు కింద వేలం వేస్తారు. తీర్పు వచ్చేసరికి గెలిచినవాడికి తాడు తప్ప మిగలదు.

పోలమ్మ రాజీకి రాలేదు. నేను మెల్లగా నచ్చజెప్పబోయాను. “తప్పు చేసినోళ్లు గదా రాజీకొచ్చేది. నేను చేసిన తప్పేందో చెప్పు, అప్పుడు చూద్దాం” అంది. రాజీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

బందెలదొడ్డి అంటే ఒక పుల్లల చుట్టు, ఒక తలుపు. ఆమె తెల్లవారగానే తుమ్మ రొట్ట మోసుకొచ్చి లోపలికి వేసేది, తర్వాత తలుపు ముందు కూర్చునేది. దారిన పోయేవాళ్లు, “మేకలు పోతే ఏం జేస్తావు అక్కా?” అంటే, “మార్కాపురం పలకల గనికి పోయి రాళ్లు మోస్తా. మీ పిల్లోళ్లు ఆ పలక మీద జీవాలు అని రాసుకోని నేర్చుకుంటారు” అనేది. నవ్వుతూనే అనేది గాని, ఆ వయసులో గనిలో రాయి మోసినవాళ్లు ఏమైపోతారో ఆమెకూ తెలుసు, అడిగినవాళ్లకూ తెలుసు. మేకలు రోజు రోజుకూ ఎముకలు తేలుతున్నాయి. వేలం గడువు దగ్గర పడుతోంది.

ఒకనాడు రేంజరుగారు గుర్రం మీద అటు వచ్చాడు. ఆయన దొడ్డి చూస్తుండగా గుర్రం పక్క పొలంలో మిగిలిన మోళ్లు కొరకడం మొదలుపెట్టింది.

“దొరా, నీ గుర్రం జీవమా గాదా?” అంది పోలమ్మ.

“ఏమిటే?” అన్నాడాయన.

“జీవం గాకపోతే జప్తు జెయ్యి. పరాయోళ్ల చేలో మేస్తావుండాది. లోపల నా మేకల పక్కన చోటుండాదిలే.”

ఆ మాటకు నవ్వినవాళ్లలో గుర్రపు కాపరి కూడా ఉన్నాడు. అది ఆయనకు బాగా తగిలింది.

పోలమ్మ కోర్టుకు పోతే మొదటి ప్రశ్న దండోరా గురించే వస్తుంది. దండోరాలో ఏం చెప్పారు, ఆ తెలుగు ఎవరు రాశారు, ఎవరు ఆమోదించారు అని అడుగుతారు. ఆ సంగతి రేంజరుగారికి మరునాటికే తట్టింది. తెలివైనవాడు. ఒక దారి కనిపెట్టాడు. రాసింది గొర్రెలనే, చాటేటప్పుడు వెట్టివాడి నాలుక తడబడి జీవాలన్నాడు. అంతటితో నేను బయట, ఆయన బయట, శాఖ బయట. లోపల దానియేలు ఒక్కడే, వేలానికి పోలమ్మ మేకలు.

దానియేలును రేంజి ఆఫీసు వరండాలోకి పిలిపించారు. ఆ రోజుల్లో మేమంతా అతణ్ణి ఒరే అనే పిలిచేవాళ్లం, నాకన్నా పాతికేళ్లు పెద్దవాడు. ఇప్పుడు రాసేటప్పుడు మర్యాద కలుపుతున్నాను, అప్పుడు కలపలేదు.

“ముసలివాడివి, నాలుక తడబడింది. అంతే గదా. ఇక్కడ వేలిముద్ర వెయ్యి. నీకేం కానివ్వను” అన్నాడు రేంజరుగారు.

దానియేలు చేతులు కట్టుకున్నాడు. “నాలుక తడబడేటోనికి ఈ కొలువు ఉంచరు సామీ, ఇనాం చెక్క పోతాది. తడబడకుండానే తడబడిందని చెప్తే ఆదివారం గుడిలో నా మొగం ఎత్తలేను. అబద్ధ సాక్ష్యం పలకగూడదని వాక్యంలో ఉండాది. రెండూ పోగొట్టుకోని ఈ వేలు ఏం జేసుకోను?”

“మరి జీవాలని ఎందుకన్నావు?”

“అనమన్నారు, అన్నాను. ఫారెస్టరు సామి నాకు మూడుతూర్లు చెప్పిచ్చినాడు.”

రేంజరుగారు నా వైపు తిరిగాడు. దానియేలు వేలిముద్ర వేయకపోయినా ఫరవాలేదు, అలా తడబడడం చెవులారా విన్నానని ఫారెస్టరు ఒక సంతకం పెడితే చాలు. కాగితం నా ముందుకు జరిగింది.

తర్వాత నేను చేసిన పనిని ఇరవై ఏళ్ల పాటు ఇలా చెప్పాను. బల్ల గుద్దాను, సిరాబుడ్డి ఎగిరింది, “సార్! మాట నాది, సంతకం మీది, నోరొక్కటే దానియేలుది! ఆ నోటిని ఉరి తీస్తారా?” అని గర్జించాను. ఆ వాక్యం బాగుంటుంది. దాన్ని పెన్షను తీసుకున్నాక తీరిగ్గా తయారుచేసుకున్నాను. ఆనాడు సిరాబుడ్డి కదల్లేదు. నేను అన్నది ఇంతే. “ఆ మాట నేను రాసినదేనండీ.” అదీ సగం గొంతుతో.

“ఆలోచించుకో” అన్నాడు.

“ఆలోచించుకున్నానండీ.”

“నీ ప్రమోషను కాగితం నా దగ్గరే ఉంది.”

“ఉంచుకోండి.”

ఈ చివరి మాట మాత్రం అన్నాను. మస్తాను తలుపు దగ్గరే ఉన్నాడు, విన్నాడు. తర్వాత ఊరంతా చెప్పాడు కూడా. నేను కలం ముట్టుకోలేదు.

ఆ వారంలోనే డి.ఎఫ్.ఓ. దొర క్యాంపు పడింది. క్యాంపంటే దొర తన ఇలాకా తనిఖీ చేస్తూ ముసాఫరు బంగళాలో దిగడం. రేంజరుగారు దానియేలు నాలుక తడబడిందన్న కథనే పైకి రాసి పంపాడు, నా సంతకం లేకుండానే. పోలమ్మ మునసబు చేత వేరే అర్జీ పెట్టించింది. దొర దానియేలునూ పోలమ్మనూ పిలిచి స్వయంగా విచారిస్తానన్నాడు. విచారణ పడింది సంత రోజున. బంగళా సంత మైదానం అంచునే ఉంటుంది.

దొర తెలుగు పరీక్ష ప్యాసైనవాడు, ఆ సంగతి ఎవరూ మర్చిపోకూడదని చాలా పట్టుదలగా ఉండేవాడు. మంచి మనిషే. కానీ ఆయన తెలుగు నాలుగు వందల ఏళ్ల కిందట పుట్టి ఉంటే ఇంకా బాగుండేది.

“నీవు ఆనాడు ఏమి చాటితివో, అది యథాతథముగా చెప్పుము” అన్నాడు దానియేలుతో.

“తప్పెట లేకుండా రాదు దొరా.”

“నోటితో చెప్పరా, చాలు” అన్నాడు రేంజరుగారు.

“నోటితో చెప్తే అది ముచ్చట అవుతాది సామీ, దండోరా గాదు. దొరగారు అడిగింది దండోరా.”

దొరకు ఆ తేడా నచ్చింది. తప్పెట తెమ్మన్నాడు. తోలు బిగియాలంటే మంట మీద కాచాలి. బంగళా ముందు గడ్డి మంట వేశారు. పొగ చూసి సంతలో సగం మంది అటు తిరిగారు. దానియేలు తప్పెట కాచాడు, వేలితో మీటి చూశాడు, మళ్లీ కాచాడు. ఇన్నాళ్ల తర్వాత దొర ఎదుట కొట్టబోతున్నాడు, తొందరపడతాడా? తర్వాత కొట్టాడు. కొట్టి ఆ గొంతుతో మొదటినుంచి చివరిదాకా చాటాడు. గొడ్లనూ జీవాలనూ తోలుకోవచ్చునహో!

మేమెవరం ఆలోచించని సంగతి ఇక్కడుంది. ఆ కరువులో సంతకు మేకలను తోలుకొచ్చినవాళ్లలో చాలామంది మేపలేక అయినకాడికి అమ్ముకుందామని వచ్చినవాళ్లే. పోలమ్మ మేకలు దొడ్డిలో పడ్డాక మళ్లీ అడవి వైపు తోలే ధైర్యం వాళ్లకు లేదు. ఇప్పుడు బంగళా ముందు, సాక్షాత్తూ దొర ఎదుట, సర్కారు వెట్టి తప్పెట కొట్టి జీవాలను తోలుకోండన్నాడు. ఈ పొద్దు మొదలు అని కూడా అన్నాడు. ఇంకేం కావాలి? బేరం సగంలో వదిలేసి మేకలను మళ్లేశారు. కొనబోయినవాళ్లు ముందు తిట్టారు, తర్వాత తాము కొన్నవాటిని కూడా అటే తోలారు.

మస్తాను పరుగెత్తుకొచ్చాడు. “సార్, సంత అడివికి పోతావుండాది!”

రేంజరుగారు నన్ను గద్దించి, పోయి మళ్లించమన్నాడు. నేను పరుగెత్తాను. అందువల్ల దీని తర్వాత జరిగిన అసలు ఘట్టాన్ని నేను చూడలేదు. దొర చెవిలో నేనే సలహా చెప్పినట్టు కొన్నిచోట్ల చెప్పిన మాట వాస్తవం, చెప్పింది అబద్ధం. అప్పుడు నేను వాగులో ఒక మేకపోతు కొమ్ములు పట్టుకుని ఉన్నాను. మస్తానూ పోలమ్మా విడివిడిగా చెప్పినదాంట్లో కలిసిన మాటలే ఇక్కడ రాస్తున్నాను. మస్తాను కూడా నాలాగే పెంచే మనిషి, పోలమ్మ పెంచదు.

దొర దానియేలుతో, జీవాలనగా గొర్రెలు మాత్రమేననీ మేకలు కావనీ తక్షణం చాటమన్నాడు.

“ఏనాటినించి దొరా?” అన్నాడు దానియేలు.

అది అతను ప్రతి దండోరాకూ అడిగే ప్రశ్నే. ఎవరి ఉత్తర్వు, ఏనాటి నుంచి అనే రెండు మాటలు లేకుండా ఏ వెట్టీ తప్పెట ఎత్తడు, ఏ మునసబూ ఒప్పుకోడు. అందులో ఎత్తు ఉందో లేదో నాకు తెలియదు. తర్వాత అడిగితే, “అడగక ఎట్ల చాటేది సామీ?” అన్నాడు.

“ముందు నుంచీ అని చాటు!” అన్నాడు రేంజరుగారు.

“ముందునించీ అంటే మొన్న నేను చాటింది అబద్ధమని గదా సామీ. సర్కారు అబద్ధం చాటిందని సర్కారు తప్పెట మీదే ఎట్ల చాటేది?”

అప్పుడు పోలమ్మ మెట్ల కింద నుంచి గొంతెత్తింది. “చాటు తమ్ముడా, చాటు! సర్కారు తన మాట తానే మింగిందని సంతంతా విననీ. ఇంకోతూరి మీ దండోరాకు ఎవురు ఆగుతారో చూస్తాం!”

జనం కూడా ఆ ప్రశ్న దగ్గరే ఆగి ఉన్నారు. దొర టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. ఆయనకు మేకల కన్నా దండోరా ముఖ్యం. దానికి విలువ పోతే రేపు అడవిలో నిప్పు పెట్టొద్దని దండోరా వేసినా, చెట్లు నరకొద్దని వేసినా ఎవరూ వినరు. మేక ఒక కూపునే తింటుంది. నమ్మకం లేని దండోరాతో రిజర్వు మొత్తాన్ని కాయడానికి ఎన్ని వందల గార్డులు కావాలో ఆయనకు తెలుసు.

“నేటి నుండి అని చెప్పుము” అన్నాడు.

“నా మేకలు నేటివి గాదు దొరా. మొన్నటివి” అంది పోలమ్మ.

కొత్త దండోరా పడింది. ఈ పొద్దు మొదలు జీవాల్లో మేకలు కలవవు. ఈ పొద్దు మొదలని అన్నాక, దానికి ముందు కలిసినట్టే గదా. దొర ఆ తర్కాన్ని కాదనలేదు. జప్తు రద్దు చేసి, మేత ఖర్చు కూడా లేకుండా మేకలను విడిచిపెట్టమని అక్కడే రాసిచ్చాడు. నేను వాగు నుంచి ముళ్లు గీరుకుపోయి వచ్చేసరికి దొడ్డి తలుపు తీసి ఉంది. ఆమె మేకలు ఒకదాని మీద ఒకటి ఆనుకుంటూ బయటికి వస్తున్నాయి. కొన్ని సరిగ్గా నడవలేకపోయాయి. ఒక పిల్లను ఆమె భుజాన వేసుకుంది. గెలిచిన మొహం పెట్టలేదు, నా వైపు చూడను కూడా లేదు. మేత ఎక్కడ దొరుకుతుందా అని పొలాల వైపు చూసింది.

ఆ పాత కూపు పాడైన మాట కూడా రాయాలి. సంత మేకలను మళ్లించేసరికి చాలా చిగురు పోయింది. అందులో కొన్ని మొద్దులు మళ్లీ చిగిర్చలేదు. మేకను రిజర్వులోకి రానివ్వకూడదన్న నియమం తప్పని నేను ఎన్నడూ అనలేదు, ఇప్పుడూ అనను. రేంజరుగారికి ఏమీ కాలేదు. దానియేలు కొలువు నిలిచింది. నాకు అజాగ్రత్తగా అనువాదం చేసినందుకు మెమో వచ్చింది, దాని వెనకే బదిలీ వచ్చింది. ప్రమోషను కాగితాన్ని ఆయన నిజంగానే ఉంచుకున్నాడు, కొన్నేళ్లు.

బండి ఎక్కే రోజు పోలమ్మ దారిలో కనిపించింది. “ఎక్కడికి వేసినారు అబ్బయ్యా?” అంది. చెప్పాను. “ఆడ గూడా ఇట్లనే రాయి” అని మేకల వెంట పోయింది.

తర్వాత ముప్పై ఏళ్ల సర్వీసులో ఏ ఉత్తర్వునూ నేను వెట్టివానికి నేరుగా ఇవ్వలేదు. ముందు అది ఎవరిని పట్టుకోవడానికి వచ్చిందో ఆ మనిషిని పిలిచి చదివి వినిపించేవాణ్ణి. కట్టెలు మోసేవాడో, మేకలు మేపేవాడో, చెంచుపెంటలో, అంటే చెంచుల గూడెంలో, తేనె తీసేవాడో ఎవరైనా సరే. విని ఏం అర్థమైందో తన మాటల్లో తిరిగి చెప్పమనేవాణ్ణి. చెప్పింది నేను అనుకున్నది కాకపోతే ఆ తెలుగు కొట్టేసి మళ్లీ రాసేవాణ్ణి. ఈ పద్ధతి ఏ మాన్యువల్‌లోనూ లేదు. దీనివల్ల ఉత్తర్వులు ఆలస్యమవుతున్నాయని నా మీద రెండు ఫిర్యాదులు పోయాయి, రెండింటికీ జవాబు రాయలేదు.

ఇంగ్లీషులో ఉన్నది గొర్రెలు, నేను రాసింది జీవాలు. శాఖ లెక్కలో అది తప్పు. ఆ ఊరి లెక్కలో ఆ ఊరికి అర్థమైనదే ఉత్తర్వు, మిగిలింది కాగితం. ఒక మనిషిని పట్టుకునే హక్కు చట్టానికి అతనికి అర్థమైన రోజు నుంచే వస్తుంది, అంతకు ముందు పట్టుకున్నవాటిని వదిలిపెట్టాలి. ఆ మెమో కింద తప్పు ఒప్పుకుంటూ సంతకం పెట్టమన్నారు. అందినట్టు మాత్రమే పెట్టాను.